అట్ట మీద ఒకటి, గాడిలో ఒకటి

పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల నేపథ్య సంగీతాన్ని సేకరించే పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు. సగం ఉత్తరాల్లో గోడు ఒకటే: సినిమాలో విన్నది, కొన్న రికార్డులో లేదని. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: ‘బ్లేడ్ రన్నర్’ 1982 నాటి ఎల్పీ దొరికింది. వాంగెలిస్ సంగీతం కదా అని కొన్నాను. ముల్లు పెడితే సింథసైజర్లు లేవు, ఆర్కెస్ట్రా వాయిస్తోంది. నాకు నకిలీ అంటగట్టారా?

జవాబు: నకిలీ కాదండీ. మీ చేతిలో ఉన్నది అధికారికంగా వచ్చిన రికార్డే. సినిమా విడుదలైనప్పుడు వాంగెలిస్ చేసిన అసలు రికార్డింగు మార్కెట్లోకి రాలేదు. దాని బదులు న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా అనే బృందం ఆ బాణీలను తనదైన పద్ధతిలో వాయించిన ఎల్పీ వచ్చింది. ఆ బృందం పేరు అట్ట మీదే ఉంటుంది, మన చూపు సినిమా పేరు దగ్గరే ఆగిపోతుంది. వాంగెలిస్ సొంత ఆల్బం రావడానికి 1994 దాకా పట్టింది. అందులోనూ సినిమాలో ఉన్నదంతా లేదు, పైగా కొన్నిచోట్ల సంగీతం మీద సంభాషణలు పడతాయి. 2007లో మూడు సీడీల పెట్టె వచ్చింది. మొదటిది ఆ 1994 ఆల్బమే. రెండోదాంట్లో అప్పటిదాకా బయటికి రాని సంగీతం ఉంది. మూడోది వాంగెలిస్ ఆ సినిమాను దృష్టిలో పెట్టుకుని కొత్తగా చేసిన సంగీతం. సినిమాలో విని వెతుక్కుంటున్న బిట్టు 1994 ఆల్బంలో లేకపోతే ముందు రెండో సీడీలో చూడండి.

ఈ రంగంలో ఒకే సినిమా పేరుతో మూడు రకాల రికార్డులు తిరుగుతుంటాయి. ఒకటి, సినిమా కోసం తీసిన అసలు రికార్డింగు. రెండు, అదే సంగీత దర్శకుడు ఆల్బం కోసం మళ్లీ వాయింపించినది. మూడు, వేరే బృందం ఎప్పుడో వాయించినది. మన సినిమా భాషలో ‘రీరికార్డింగ్’ అంటే నేపథ్య సంగీతమే కాబట్టి ఇక్కడ ఆ మాట వాడితే తికమక. ఈ శీర్షికలో రెండో రకాన్ని ‘మళ్లీ వాయించినది’ అనే అంటాం.

కొనేముందు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆర్కెస్ట్రా ఏది, నడిపింది ఎవరు, ఏ ఏడు, ఎక్కడ రికార్డయింది? సినిమా 1950ల నాటిదై, రికార్డింగు తేదీ 1970ల్లో ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. ‘ఒరిజినల్’ అన్న మాటను మాత్రం నమ్ముకోకండి. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ మంచి ఉదాహరణ. సూర్యోదయం దగ్గర వచ్చే రిచర్డ్ స్ట్రాస్ సంగీతం సినిమాలో కరాయాన్ నడిపిన వియన్నా ఫిల్హార్మోనిక్‌ది. 1968లో ఎంజీఎం వేసిన ఎల్పీలో వినపడేది కార్ల్ బోమ్ నడిపిన బెర్లిన్ ఫిల్హార్మోనిక్. రెండూ గొప్ప బృందాలే, కానీ సినిమాలోది ఒకటే.

ప్రశ్న: ఆ ‘2001’ సినిమాకే వేరే సంగీతం తయారుచేసి పక్కన పెట్టేశారట. అది దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది, రెండు రూపాల్లో. ఆ సంగీతం అలెక్స్ నార్త్‌ది. సినిమా మొదటి సగానికి ఆయన రాసి, రికార్డు చేశాక దర్శకుడు దాన్ని వాడలేదు. 1993లో జెర్రీ గోల్డ్‌స్మిత్ నేషనల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో దాన్ని మళ్లీ వాయింపించగా వరీస్ సరబాండ్ అనే రికార్డు సంస్థ విడుదల చేసింది. నార్త్ తీసిన అసలు రికార్డింగును ఇంట్రాడా అనే మరో సంస్థ 2007లో తెచ్చింది. అది మోనో, అంటే ఒకే చానల్‌ది. ధ్వని శుభ్రంగా కావాలంటే 1993ది, ఆ రోజు స్టూడియోలో ఏం మోగిందో తెలియాలంటే 2007ది. ఒక్కటే కొనగలిగితే రెండోదే కొనమంటాం.

ప్రశ్న: 1950ల నాటి సినిమాల నుంచి మొదలుపెడదామనుకున్నాను. ఆనాటి రికార్డులు ఎంత వెతికినా కనపడవేం?

జవాబు: లేనివి ఎలా కనపడతాయి? ఆ కాలంలో సంగీత నాటకాల రికార్డులకు గిరాకీ ఉండేది గాని, ఎగిరే పళ్లేల సినిమా నేపథ్య సంగీతం కొనేవాళ్లు ఉంటారని కంపెనీలు అనుకోలేదు. ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ 1951లో వచ్చింది. బెర్నార్డ్ హెర్మన్ అందులో రెండు థెరమిన్లు వాడారు. ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదిపి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం అది. ఆ అసలు రికార్డింగు ఆల్బంగా చేతికొచ్చింది 1993లో, సీడీ మీద. అంతకుముందు ఎల్పీల్లో తిరిగినది 1970ల్లో హెర్మనే స్వయంగా మళ్లీ వాయింపించిన కొంత భాగం. అది కూడా వినదగ్గదే, కాకపోతే నడక నెమ్మది.

ఇంకో చిక్కు, ఎవరి సంగీతమో తెలియకపోవడం. యూనివర్సల్ స్టూడియోలో ఒక సినిమాను ఇద్దరు ముగ్గురికి పంచేవారు. పాత సినిమాల బిట్లు తెచ్చి అతికేవారు. తెర మీద మాత్రం సంగీత విభాగాన్ని చూసుకునే జోసెఫ్ గెర్షెన్సన్ పేరే పడేది. ‘దిస్ ఐలండ్ ఎర్త్’లో ఎక్కువ భాగం హెర్మన్ స్టైన్ రాసినది. మిగతాదాంట్లో హాన్స్ సాల్టర్, హెన్రీ మాన్సీనీల చేయి ఉంది. ‘క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ రాసిందీ ఈ ముగ్గురే. కాబట్టి ఈ స్టూడియో సినిమాలకు తెర మీది పేరుతో వెతికితే ఏమీ దొరకదు. క్యూ షీట్ చూడాలి. సినిమాలో వచ్చే ప్రతి బిట్టుకూ పేరు, రాసినవారు, హక్కుదారు, ఎన్ని సెకన్లు అన్నవి వరుసగా ఉండే పట్టిక అది. రాయల్టీ లెక్కల కోసం తయారుచేస్తారు. ఈ మధ్య వచ్చిన మంచి సీడీల పుస్తకాల్లో ఆ వివరం ఇస్తున్నారు. పుస్తకం లేని సీడీ చవగ్గా వచ్చినా సగం సరుకే.

ప్రశ్న: ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ సీడీలో సినిమా మొదటి భాగం సంగీతం లేదు. అసంపూర్ణమా?

జవాబు: సంపూర్ణమే. లియొనార్డ్ రోజెన్‌మన్ ఆ సినిమాలో నౌక మనిషి శరీరంలోకి వెళ్లేదాకా సంగీతమే పెట్టలేదు. ముందు వినపడేవి యంత్రాల చప్పుళ్లు. ఆర్కెస్ట్రా మొదలయ్యేది నెత్తురులోకి దిగాకే.

ప్రశ్న: ‘ఫర్బిడెన్ ప్లానెట్’ ఎల్పీని కంప్యూటర్లోకి ఎక్కించి, చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్ నడిపాను. చిటపటలు పోయాయి గాని సంగీతం కూడా ఏదో పలచబడినట్టుంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. సాఫ్ట్‌వేర్ సంగీతాన్ని కూడా కొరికింది. మామూలు ఆర్కెస్ట్రా రికార్డుకు పెద్దగా హాని చేయని అమరికే ఈ రికార్డును పాడుచేస్తుంది. ఎందుకో తెలియాలంటే ఆ ధ్వనులు ఎలా పుట్టాయో చూడాలి.

లూయీ బారన్, బీబీ బారన్ దంపతులు 1956లో ఈ సినిమాకు వాద్యమన్నది లేకుండా పనిచేశారు. వాల్వులతో చిన్న చిన్న సర్క్యూట్లు కట్టి, వాటి శక్తికి మించి కరెంటు తోలేవారు. సర్క్యూట్ కూసి, గుడగుడలాడి, చివరికి మాడిపోయేది. మాడిన సర్క్యూట్ నుంచి ఆ ధ్వని మళ్లీ రాదు కాబట్టి ఆ చావుకేకలన్నీ టేపు మీద పట్టుకున్నారు. తర్వాత టేపు వేగం మార్చి, ముక్కలు కోసి అతికి, ప్రతిధ్వని కలిపి పేర్చారు. తెర మీద ‘సంగీతం’ అని కూడా పడలేదు, ‘ఎలక్ట్రానిక్ టోనాలిటీస్’ అని పడింది. అసలు ఆల్బం వచ్చింది ఇరవై ఏళ్లకు, 1976లో, ఆ దంపతులు సొంతంగా వేసుకుంటే. 1956లోనే డేవిడ్ రోజ్ పేరుతో ఈ సినిమా థీమ్ అంటూ ఒక చిన్న రికార్డు వచ్చింది. అది సినిమాలో లేదు. తెలియక ఎక్కువ డబ్బు పోస్తుంటారు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. అది వెతికేది ఒక్కసారిగా లేచి, మిల్లీసెకనులో పడిపోయే మొనను. దుమ్ము చేసే చిట్ అలాగే ఉంటుంది. బారన్ల టక్కులు, బుడగలు పగిలినట్టుండే చప్పుళ్లు కూడా అలాగే ఉంటాయి. తేడా దానికి తెలియదు. మీరు తెలుసుకునే దారి ఒకటుంది, అదీ ఈ రికార్డింగు మోనో కాబట్టి.

మోనో రికార్డునైనా స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రెండు చానళ్లుగానే ఎక్కించండి. తర్వాత ఎడమ, కుడి స్థాయిలను అర డెసిబెల్ తేడా లోపలికి సరిచేయండి. ఇప్పుడు ఒక చానల్‌ను తలకిందులు చేసి (సాఫ్ట్‌వేర్‌లో ‘ఇన్వర్ట్’) రెండోదానితో కలపండి. రెండింటిలోనూ ఒకేలా ఉన్నది, అంటే టేపు మీద నుంచి వచ్చిన సంగీతం, దాదాపు మాయమవుతుంది. మిగిలేది గాడిలోని దుమ్ము, గీతలు, మోటారు గుడగుడ. ఈ మిగులు ఫైలును పక్కన పెట్టుకుని వినండి. అనుమానం ఉన్న ‘టక్’ అందులో గట్టిగా వినపడితే అది దుమ్ము, తీసేయవచ్చు. వినపడకపోతే అది బారన్లది, ముట్టుకోకండి. చానళ్లు సరిగా తూగకపోతే సంగీతం కూడా మిగులులో వినపడి మోసం చేస్తుంది. అందుకే ముందు స్థాయిలు చూసుకోమన్నది.

శుభ్రం చేయడం అయ్యాక రెండు చానళ్లను మామూలుగా కలిపి మోనో చేయండి. అంతటితోనే గరగర సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌ను మొత్తం రికార్డు మీద నడపడం మాని, మిగులులో తేలిన చిటపటలను ఒక్కొక్కటే చేత్తో తీయండి. వైపుకు రెండు మూడు గంటల పని.

ప్రశ్న: థెరమిన్ ఉన్న రికార్డు వేస్తే స్వరం ఊగుతోంది. ఆ వాద్యం సహజమే అని ఒకరు, టర్న్‌టేబుల్ పాడైందని ఒకరు అంటున్నారు.

జవాబు: గడియారం పట్టుకుంటే తేలిపోతుంది. థెరమిన్ వాయించేవారి చేతి కంపన సెకనుకు అయిదారుసార్లు ఉంటుంది. రికార్డు తప్పు వల్ల వచ్చే ఊపు రికార్డు తిరిగే లెక్కలో ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. 45లో 1.33. 78లో 0.77. దీర్ఘస్వరం దగ్గర పది ఊపులు లెక్కపెట్టండి. పద్దెనిమిది సెకన్లు పడితే తప్పు వాద్యానిది కాదు, వాయించినవారిదీ కాదు.

తర్వాత ముల్లును మోసే టోన్ ఆర్మ్‌ను పక్క నుంచి చూడండి. చుట్టుకోసారి కిందికీ పైకీ లేస్తుంటే రికార్డు వంగింది. కుడి ఎడమలకు ఊగుతుంటే నడిమి చిల్లు పక్కకు పడింది. గాడి మధ్యబిందువు నుంచి చిల్లు ఒక్క మిల్లీమీటరు జరిగితే, 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర వేగం అటూ ఇటూ 1 శాతం మారుతుంది. అంటే స్వరం అటూ ఇటూ అరస్వరంలో ఆరో వంతు జారుతుంది. లోపలి గాడుల దగ్గర, 60 మిల్లీమీటర్లకు వచ్చేసరికి అది 1.7 శాతం. డ్రమ్ముల హోరులో ఈ తేడా చెవికి ఆనదు. ఒంటరిగా సాగే థెరమిన్‌లో మాత్రం దాక్కోలేదు.

చిల్లు పక్కకు పడినదైతే గుండ్రటి సన్న ఆకురాయితో చిల్లును అర మిల్లీమీటరు వెడల్పు చేసి, రికార్డును వేలితో కొద్దికొద్దిగా జరుపుతూ, ఆర్మ్ ఊగడం ఆగేచోట నిలపవచ్చు. చవక రికార్డు మీద అలవాటు చేసుకోండి. అరుదైనదాని చిల్లును ఆకురాయితో రాస్తే అమ్మకపు విలువ పోతుంది, దాన్ని అలాగే ఉంచి ఇంకో ప్రతి వెతుక్కోవడం మేలు. వంగిన రికార్డును ఎండలో పెట్టి గాజు పలకల మధ్య నొక్కమనే సలహా మాత్రం వినకండి. వంపు పోతుందో లేదో గాని గాడి రూపం పోతుంది.

ప్రశ్న: ‘ది ఆండ్రొమెడా స్ట్రెయిన్’ ఆరు పలకల రికార్డు ఆటోమేటిక్ ప్లేయర్ మీద వేయవచ్చా?

జవాబు: వద్దు, ముల్లు విరుగుతుంది. గిల్ మెలే చేసిన ఎలక్ట్రానిక్ సంగీతాన్ని కాప్ సంస్థ 1971లో నిజంగానే షడ్భుజి ఆకారపు రికార్డుగా వేసింది. ఆటోమేటిక్ ప్లేయర్ ఆర్మ్‌ను 12 అంగుళాల గుండ్రటి రికార్డు అంచు దగ్గర దింపుతుంది. ఇక్కడ ఆ చోట గుండ్రటి అంచే ఉండదు. మూలలున్నచోట రికార్డు, చదునున్నచోట ఖాళీ. చదును దగ్గర వెడల్పు, మూల నుంచి మూలకు ఉన్నదాంట్లో 87 శాతమే. ముల్లు ఖాళీలోకి జారితే, వెనకే వచ్చే మూల దాన్ని గొడ్డలిలా కొడుతుంది. చుట్టుకు ఆరుసార్లు.

ఆటోమేటిక్‌ను ఆపి, రికార్డు తిరగకముందే ఒక చదును అంచు ఆర్మ్ వైపు ఉండేలా తిప్పండి. గాడి గుండ్రంగానే ఉంటుంది, చదును అంచుకు లోపలే మొదలవుతుంది. తిప్పడం మొదలుపెట్టాక లీవరుతో, చదును గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపలికి దింపండి. చేత్తో దింపవద్దు. దుమ్ము తుడిచే బ్రష్షును బయట నుంచి లోపలికి లాగకండి, మూల తగులుతుంది. అంచును పట్టి బిగించే శుభ్రపరిచే యంత్రాలకూ ఇది పనికిరాదు. దాచేటప్పుడు మూల మీద నిలబెడితే అది నలుగుతుంది. చదును వైపు కిందికి వచ్చేలా, గట్టి చదరపు అట్టలో పెట్టండి. రేకుల్లా విచ్చుకునే ఆ వెండి రంగు కవరు మడతలు ఎక్కువసార్లు తెరిస్తే చిట్లుతాయి. విడిగా ఒక లోపలి కవరు కొని రికార్డును అందులో ఉంచండి, అసలు కవరును వెనకే పెట్టుకోండి.

ప్రశ్న: 1936 నాటి ‘థింగ్స్ టు కమ్’ 78 రికార్డులు దొరికే అవకాశం ఉంది. మామూలు ముల్లుతో వినవచ్చా?

జవాబు: వినపడుతుంది గాని వినదగ్గట్టు ఉండదు. 78 గాడి వెడల్పు. దానికి సుమారు 3 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 76 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ ముల్లు మొన 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అది గాడి అడుగున చెత్తలో ఈదుతుంది, గోడలను తాకదు. పైగా రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని, పెంచిన తారాన్ని వినేటప్పుడు తిరిగి సరిచేసే లెక్క ఒకటుంది; 1954 తర్వాత స్థిరపడిన ఆ ఆర్ఐఏఏ వక్రరేఖ ఆనాటి రికార్డులకు వర్తించదు. ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే మీ ఫోనో ప్రీయాంప్ దాన్ని బలవంతంగా రుద్దుతుంది కాబట్టి తీగవాద్యాలు ముసుగు కప్పినట్టు వినపడతాయి. కంప్యూటర్లో ఎక్కించాక సరిచేసుకోవాలి. ఆర్థర్ బ్లిస్ స్వయంగా నడిపిన సంగీతం అవి, ఆ శ్రమకు తగినవే. సంగీతం స్పష్టంగా వింటే చాలుననుకుంటే, ఫిలిప్ లేన్ తిరిగి కూర్చగా రూమన్ గాంబా బీబీసీ ఫిల్హార్మోనిక్‌తో వాయింపించిన షాండోస్ సీడీ ఉంది.

ప్రశ్న: ‘3,000 ప్రతులే’ అని రాసిన సీడీలు ఎందుకంత ధర? ముందుముందు ఇంకా పెరుగుతాయా?

జవాబు: 3,000 అన్నది గొప్ప కోసం పెట్టుకున్న అంకె కాదు. అమెరికాలో స్టూడియో వాద్యకారుల యూనియన్ నిబంధనల ప్రకారం, సినిమాకు వాయించిన సంగీతాన్ని ఆల్బంగా వేస్తే వాద్యకారులకు మళ్లీ సొమ్ము కట్టాలి. తొంభై మంది ఆర్కెస్ట్రాకు పూర్తి రేటు కడితే పాత సినిమా సీడీ ఎన్నటికీ గిట్టదు. తక్కువ ప్రతులకు తక్కువ రేటు అన్న ఏర్పాటు వచ్చాకే ఫిల్మ్ స్కోర్ మంత్లీ, ఇంట్రాడా వంటి సంస్థలు ఇన్ని పాత సినిమాలు తేగలిగాయి.

పెరుగుతుందా అంటే, పెరగవచ్చు, ఒక్కరోజులో కుప్పకూలనూ వచ్చు. ఇంకా నిడివి పెంచిన కొత్త సంచిక ప్రకటన వస్తే పాతదాని ధర ఆ సాయంత్రానికే దిగుతుంది. ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చూడండి. 1968 ఎల్పీలో ‘ది హంట్’ అనే ముఖ్యమైన బిట్టే లేదు. 1992 సీడీలో అది చేరింది. 1997 సీడీలో సంగీతం ఇంకా పెరిగింది. ప్రతిసారీ ముందుదాన్ని మూడింతలకు కొన్నవారు నష్టపోయారు. వినడానికి కొంటే ఎప్పుడు కొన్నా నష్టం లేదు. దాచి అమ్ముదామనుకుంటే ఇది మంచి బేరం కాదు.

ప్రశ్న: దొంగ ముద్రణలను గుర్తుపట్టేది ఎలా?

జవాబు: సీడీని తిప్పి చూడండి. అచ్చుపోసిన సీడీ అడుగు వెండిలా ఉంటుంది. ఆకుపచ్చ, నీలం, ఊదా ఛాయ ఉంటే కంప్యూటర్లో కాల్చిన సీడీ-ఆర్. కొన్ని చిన్న సంస్థలు అధికారికంగానే అలా అమ్మాయి, కానీ అలా అని ముందే చెప్పి అమ్మాయి. తర్వాత లోపలి వలయంలో ఉన్న అక్షరాలు చూడండి. 1990ల మధ్య నుంచి చాలా సీడీల మీద ఐఎఫ్‌పీఐ అన్న అక్షరాలతో చిన్న కోడ్ ఉంటుంది. అంతకుముందువాటికి లేకపోవడం తప్పు కాదు. ఎల్పీకైతే ఆఖరి గాడి తర్వాత నున్నటి భాగంలో గీసిన మ్యాట్రిక్స్ సంఖ్య, లేబుల్ మీది సంఖ్యతో పొసగాలి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చెవి. సంగీతం వెనక అడుగుల చప్పుడో, తలుపు మూసిన చప్పుడో ఉంటే అది సినిమా ప్రతి నుంచి ఎత్తినది. ధ్వని పటంలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే ఎంపీ3 నుంచి తీసి సీడీ చేశారని అనుమానించవచ్చు. పాత మోనో రికార్డింగుల్లో అంత పైన ఎలాగూ పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి దీన్ని స్టీరియో కాలపువాటికే వాడండి.

అట్ట మీద ‘ఎలక్ట్రానిక్‌గా స్టీరియోకు మార్చినది’ అని ఉంటే అది దొంగది కాదు, చెడ్డది. మోనోను రెండుగా చీల్చి ఒకవైపు మంద్రం, ఒకవైపు తారం పెంచుతారు. అదే రికార్డు మోనో ప్రతి దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి.

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన ఎల్పీ మీద తెల్లటి పొగలాంటి మరక. ఎంత తుడిచినా పోవడం లేదు.

జవాబు: భద్రం చేసిన ఆ కవరే చేసిన పని. మెత్తటి పీవీసీ కవర్లలో ప్లాస్టిసైజర్, అంటే మెత్తదనం కోసం కలిపే రసాయనం ఉంటుంది. వేడికి అది ఊరి రికార్డు మీద పొరలా పేరుకుంటుంది, ముదిరితే రికార్డు పైభాగాన్నే తింటుంది. అప్పుడు వినేటప్పుడు ఉష్ మని సన్నటి హోరు. మొదట్లో పట్టుకుంటే కడిగితే పోతుంది. ముదిరినది పోదు. ఉన్న పీవీసీ కవర్లన్నీ ఈరోజే తీసి పాలిప్రొపిలీన్ లేదా పాలిథిలీన్‌వి వేయండి.

కడగడానికి లీటరు ద్రవం: డిస్టిల్డ్ వాటర్ 800 మిల్లీలీటర్లు, స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200, ఫోటో ఫిల్ములు కడిగేటప్పుడు వాడే వెట్టింగ్ ఏజెంట్ రెండు మూడు చుక్కలు. చుక్కలు ఎక్కువైతే గాడిలో జిగురు మిగిలి ముల్లుకు అంటుకుంటుంది. లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్షుతో గాడి వెంట తిప్పండి, అడ్డంగా కాదు. ఆ మురికి ద్రవాన్ని పీల్చేయాలి లేదా మెత్తటి బట్టతో అద్దాలి. ఆరనిస్తే మురికి ఉన్నచోటే తిరిగి కూర్చుంటుంది. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి. కుళాయి నీళ్లు ఆరితే సున్నం మిగులుస్తాయి. లక్కతో (షెల్లాక్) చేసిన 78ల మీద ఈ ద్రవం పడనివ్వకండి, ఆల్కహాల్ షెల్లాక్‌ను కరిగిస్తుంది.

ప్రశ్న: స్టూడియో నుంచి బయటపడిన పావు అంగుళం టేపు ఒకటి కొన్నాను. వేస్తే కీచుమంటోంది, హెడ్ మీద గోధుమ రంగు జిగురు పడుతోంది.

జవాబు: వెంటనే ఆపండి. ఆ జిగురే మీ సంగీతం. 1970, 80ల్లో వెనకవైపు నల్లపూత వేసిన టేపుల్లో కొన్నిటి బైండర్, అంటే అయస్కాంతపు పొడిని టేపుకు పట్టి ఉంచే బంక, గాలిలో తేమ పీల్చి చెడుతుంది. వాటిని సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వద్ద, నిలకడగా ఎనిమిది గంటలు గాని ఇంకా ఎక్కువ గాని కాచితే కొన్ని వారాలపాటు వాయించడానికి వీలవుతుంది. ఆ వ్యవధిలోనే డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. వంటింటి అవెన్ వద్దు, దాని వేడి పదీ ఇరవై డిగ్రీలు ఎగిరిపడుతుంది.

అన్నిటికంటే ముందు టేపు చుట్టను దీపానికి అడ్డుపెట్టి పక్క నుంచి చూడండి. వెలుతురు లోపలికి దిగితే అది అసిటేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్ టేపు. 1950ల సినిమా టేపులు చాలావరకు ఇవే. అసిటేట్‌ను కాచనే కాచకూడదు, ముడుచుకుని పెళుసెక్కిపోతుంది. వెనిగర్ వాసన వస్తుంటే దాన్ని మిగతావాటికి దూరంగా, చల్లగా, గాలి ఆడేలా ఉంచి, అనుభవమున్న ల్యాబ్‌కు పంపండి.

ప్రశ్న: ఎల్పీలు ఎక్కించేటప్పుడు ఏ అమరిక పెట్టాలి? ఫైళ్లకు ఏ పేర్లు?

జవాబు: 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టండి. దాన్ని కనుక్కోవాలంటే ముందు రికార్డులో గట్టిగా మోగే చోటు వేసి చూడాలి, మొదటి నిమిషం చూసి కాదు. స్టీరియోలో నిమిషానికి దాదాపు 35 మెగాబైట్లు, 40 నిమిషాల ఎల్పీకి 1.4 గిగాబైట్ల దాకా అవుతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే ధ్వని నష్టం లేకుండా సుమారు సగానికి తగ్గుతుంది. శుభ్రం చేయని ముడి ఫైలును ఎప్పటికీ ఉంచుకోండి. రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే మొదలుపెట్టేది దాని నుంచే. ముల్లు దింపకముందు నాలుగైదు సెకన్లు, గాడి మొదట్లో సంగీతం రాకముందు ఉన్న గరగర కూడా కోయకుండా ఉంచండి, గరగర స్వభావం సాఫ్ట్‌వేర్ నేర్చుకునేది అక్కడే.

ఫైలు పేరులో సినిమా, దాని ఏడు, సంగీత దర్శకుడు, రికార్డు కేటలాగ్ సంఖ్య, వైపు ఉండాలి. మ్యాట్రిక్స్ సంఖ్య, వాడిన ముల్లు, తేదీ పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో. సినిమా కోసం తీసిన రికార్డింగా, మళ్లీ వాయించినదా అన్నది అందులో మొదటి వరుసలోనే రాయండి.